ఒక పాఠ్యపుస్తకం, ఒక గది, 4 నిమిషాల సినిమా: 12 వారాల ప్రాజెక్టు డైరీ

సినిమా తీయడం నేర్పే పరిచయ పాఠ్యపుస్తకం చదివితే నిజంగా పని వస్తుందా? కెమెరా పట్టే ఉద్దేశం లేనివాళ్లకు దాంతో ఏమైనా లాభం ఉందా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు తెలుసుకోవాలని ఒక పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పాటిస్తూ చిన్న సినిమా తీశాను. ఎక్కడెక్కడ దెబ్బతిన్నానో, ఏం మార్చానో, ఎందుకు మార్చానో కింద ఉంది. మీరూ ఇదే చేయాలనుకుంటే నా తప్పులు మళ్లీ చేయనక్కర్లేదు.

పుస్తకం పేరు రాయడం లేదు. ఇలాంటి ఏ పుస్తకం తెరిచినా వరస ఇంచుమించు ఒకటే: చరిత్ర, స్క్రిప్టు, షాట్లు, కెమెరా, లైటింగ్, సౌండ్, ఎడిటింగ్. నాది 12 అధ్యాయాలు, 340 పేజీలు.

పెట్టుకున్న నియమాలు

1. ఒక అధ్యాయం చదివి, దాని చివర ఇచ్చిన అభ్యాసం చేశాకే తర్వాతి అధ్యాయం.
2. మొదటిసారి పుస్తకం చెప్పింది చెప్పినట్టే చేయాలి. సొంత ఆలోచన రెండోసారికి.
3. పేజీలు, గంటలు, రికార్డు చేసిన నిమిషాలు, పనికొచ్చిన నిమిషాలు రాసుకోవాలి.
4. ఇదే పుస్తకాన్ని మా అక్క కూడా చదువుతుంది. ఆమె కెమెరా ముట్టుకోదు, అభ్యాసాలు చేయదు. సినిమాలంటే ఇష్టం, అంతే.

ఉన్నది ఒకటే పుస్తకం. పగలు నా దగ్గర, రాత్రి అక్క దగ్గర. నేను అభ్యాసాల దగ్గర ఆగిపోతుంటే ఆమె ఎప్పుడూ నాకంటే రెండు అధ్యాయాలు ముందుండేది. ఇది తర్వాత చాలా పనికొచ్చింది.

మొదలుపెట్టే ముందు అక్కకు ఒక పరీక్ష పెట్టాను. ఆమె ఎప్పుడూ చూడని సినిమాలోంచి 3 నిమిషాల సీను ఒక్కసారి చూపించి, ఎన్ని షాట్లు (మధ్యలో కట్ లేకుండా సాగే ముక్కలు) ఉన్నాయని అడిగాను. 11 అంది. తర్వాత ఆపి ఆపి లెక్కపెడితే 34.

పనిముట్లు

ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న మిర్రర్‌లెస్ కెమెరా, 35 ఎంఎం లెన్స్, ట్రైపాడ్, ఒక ఎల్ఈడీ ప్యానెల్, రెండు థర్మాకోల్ షీట్లు, చిన్న ఆడియో రికార్డరు, దానికి ఒక మైకు, కొలత టేపు, కాగితం టేపు, దారం. నటించింది ఇద్దరు స్నేహితులు. చోటు 3 మీటర్ల వెడల్పు, 3.6 మీటర్ల పొడవు ఉన్న గది. కథ చిన్నది: ఆమె తాళంచెవి పోగొట్టుకుంటుంది, అది తన జేబులోనే ఉందని అతను చెప్పడు.

దశ 1: స్క్రిప్టు (వారాలు 1, 2)

పుస్తకం సూత్రం: ఒక పేజీ స్క్రిప్టు అంటే ఒక నిమిషం సినిమా. నాది 4 పేజీలు వచ్చింది కాబట్టి 4 నిమిషాలు అని రాసుకుని ముందుకెళ్లిపోయాను. షూటింగ్ ప్లానంతా ఆ అంకె మీదే వేశాను.

ఆ సూత్రం ఊరికే పుట్టలేదు. 12 పాయింట్ల కొరియర్ అక్షరాల్లో, నిర్ణీత మార్జిన్లతో, డైలాగు పేజీ మధ్యలో సన్నటి పట్టీలా వచ్చేలా టైప్ చేసిన ఇంగ్లీషు స్క్రిప్టుకి అది సరిపోయే లెక్క. నేను తెలుగులో, మామూలు మార్జిన్లతో, పేజీ నిండా టైప్ చేశాను. నా పేజీలో పట్టే విషయం వేరు. ఈ ముక్క పుస్తకంలో ఒక్క వాక్యంగా ఉంది. నేను దాటేశాను.

మార్చింది:

1. స్టాప్‌వాచ్ పెట్టుకుని డైలాగులన్నీ పైకి, మామూలు వేగంతో చదవడం.
2. నడక, తలుపు తీయడం, వెతకడం లాంటివి గదిలో నిజంగా చేసి చూడడం.
3. వచ్చిన మొత్తాన్ని పేజీల సంఖ్యతో భాగించి సొంత లెక్క తయారుచేసుకోవడం.

నాకు 5 నిమిషాల 50 సెకన్లు వచ్చింది. అంటే పేజీకి దాదాపు 88 సెకన్లు. ఇక ముందు ఇదే నా లెక్క. మీ అక్షరాలకూ మీ మార్జిన్లకూ మీ అంకె వేరే వస్తుంది, తప్పకుండా కొలుచుకోండి.

*ఇప్పటిదాకా: 58 పేజీలు, 11 గంటలు, రికార్డు చేసింది 0.*

దశ 2: షాట్లు, గీత (వారం 3, మొదటి రోజు షూటింగ్)

పుస్తకంలో అందరికీ గుర్తుండే బొమ్మ ఇక్కడే ఉంటుంది. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు, వాళ్ల మధ్య ఒక ఊహారేఖ, ఒక పక్కన అర్ధవృత్తంలో కెమెరాలు. గీతకు ఒకే పక్క ఉంటే తెర మీద ఒకరు ఎడమకు, ఒకరు కుడికి చూస్తారు. గీత దాటితే ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు ఉంటుంది. దీన్నే 180 డిగ్రీల నియమం అంటారు. బొమ్మ చూడగానే అర్థమైపోయింది. అర్థమైందనుకోవడమే నా మొదటి పెద్ద తప్పు.

17 షాట్ల జాబితా రాసి, అన్నీ ఒకే రోజు తీశాం. ఆ రాత్రి అక్క పక్కన కూర్చుని ఆ క్లిప్పులు వరసగా చూస్తోంది. మధ్యలో ఆపింది.

"ఒరేయ్, ఈవిడ ఎవరితో మాట్లాడుతోంది?"

"అతనితోనే కదక్కా."

"మరి ఇద్దరూ ఒకే కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు ఉన్నారేంటి?"

చూస్తే నిజమే. నా సీనులో అతను మొదట తలుపు దగ్గర నిలబడతాడు, ఆమె కుర్చీలో ఉంటుంది. గీత తలుపు నుంచి కుర్చీకి. తర్వాత అతను ఆమె వెనకనుంచి నడిచి అవతలి పక్కకు వెళ్లి కూర్చుంటాడు. మనిషి కదిలితే గీత కూడా కదులుతుంది. నేను మాత్రం పాత గీతనే మనసులో పెట్టుకుని అతని క్లోజప్పులు తీశాను. పైగా ఆ నడకను మధ్యలో కట్ చేశాను, అతను ఎటునుంచి ఎటు వెళ్లాడో చూసేవాళ్లకు తెలియదు. 17 షాట్లలో 5 పోయాయి.

పుస్తకం బొమ్మ తప్పు కాదు. కాకపోతే అది కదలని బొమ్మ. కూర్చున్న ఇద్దరికి చెప్పిన నియమం లేచి నడిచే మనిషికి ఎలా వర్తిస్తుందో రెండు పేజీల తర్వాత ఒక పేరాలో ఉంది, దానికి బొమ్మ లేదు. బొమ్మ ఉన్నదే బుర్రలో ఉంటుంది, నాకూ అంతే అయింది. విద్యార్థులు ఈ అధ్యాయం చదివేటప్పుడు బల్ల మీద వస్తువులు పెట్టుకుని కదిపి చూడాలి. నేను ఇప్పుడు చేస్తున్నది ఇది:

1. గదిని పైనుంచి చూసినట్టు కాగితం మీద గీయడం. తలుపు, కిటికీ, కుర్చీలు.
2. రెండు పెన్ను మూతలు పాత్రలు. ముఖం ఉన్న వైపు సిరా చుక్క.
3. రెండు మూతల మధ్య దారం. ఎరేజర్ ముక్క కెమెరా.
4. మూత కదిలిన ప్రతిసారీ దారం కూడా కదపాలి. ఎరేజర్ దారానికి ఏ పక్క ఉందో చూసుకోవాలి.
5. దారం పక్క మారే చోట, నడక మొత్తం కట్ లేకుండా కనిపించే షాట్ ఒకటి తప్పనిసరి.
6. షాట్ల జాబితాలో ప్రతి వరస చివర 'లుక్ ఎడమ' లేదా 'లుక్ కుడి' అని రాయడం.

దీనికంతా 40 నిమిషాలు పట్టింది. ఆ చివరి అంశం పుస్తకంలో లేదు, కానీ సెట్లో నన్ను ఎక్కువగా కాపాడింది అదే. షూటింగ్ టెన్షన్‌లో గీత గురించి ఆలోచించే తీరిక ఉండదు. జాబితాలో 'లుక్ ఎడమ' అని ఉంటే, తెర మీద ఎడమకు చూస్తున్నారా లేదా అని మాత్రం చూసుకుంటే చాలు.

ఇక్కడ ఇంకో సంగతి రాసి తీరాలి. తప్పు పట్టింది తీసిన నేను కాదు, ఊరికే చదివిన అక్క. ఆమె ఆ అధ్యాయాన్ని అంతకుముందు వారమే చదివింది. తీసేవాడికి ఆ గదిలో ఎవరెక్కడున్నారో ముందే తెలుసు కాబట్టి తెర మీద ఏముందో కనపడదు. చదివి ఊరుకునేవాళ్లకు ఈ పుస్తకం వల్ల లాభం ఏముందన్న ప్రశ్నకు నాకు దొరికిన మొదటి గట్టి జవాబు ఇదే.

దశ 3: మినుకుమినుకు (అదే వారం)

అదే రాత్రి ఇంకో తప్పు కూడా బయటపడింది. గోడ మీద సన్నటి చీకటి పట్టీలు పైకి పాకుతున్నాయి. అన్ని షాట్లలోనూ.

పుస్తకం సూత్రం: షట్టర్ 180 డిగ్రీలు ఉండాలి, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుగును లోపలికి రానిచ్చే సమయం ఫ్రేము కాలంలో సగం (గీత నియమంలోని 180 వేరు). సెకనుకు 24 ఫ్రేములైతే సెకనులో 1/48 వంతు. నా కెమెరాలో 1/48 లేదు. పుస్తకంలోని మెనూ ఫొటోలో 1/60 ఉంటే అదే పెట్టాను. ఆ పుస్తకం కరెంటు 60 హెర్ట్జ్ ఉండే చోట రాసింది. నా గదిలో కరెంటు 50 హెర్ట్జ్.

50 హెర్ట్జ్ కరెంటుతో వెలిగే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి, కంటికి తెలియదు. ఒక్కో మినుకు 10 మిల్లీసెకన్లు. 1/50 పెడితే షట్టర్ 20 మిల్లీసెకన్లు తెరుచుకుని ఉంటుంది, సరిగ్గా రెండు మినుకులు పడతాయి, ప్రతి ఫ్రేములోనూ వెలుగు సమానం. 1/60 అంటే 16.7 మిల్లీసెకన్లు, ఒకటిన్నర పైన. ఒక ఫ్రేములో ఎక్కువ, ఒక ఫ్రేములో తక్కువ.

పరీక్షించిన తీరు: అదే దీపం కింద తెల్లగోడను 1/30, 1/50, 1/60, 1/100 దగ్గర పది పది సెకన్లు తీశాను. 1/50, 1/100 శుభ్రంగా ఉన్నాయి. 1/30, 1/60 రెండింటిలోనూ పట్టీలు. 1/100లో కదలిక గరుకుగా, తునకలు తునకలుగా ఉంది కాబట్టి 1/50 ఖాయం చేశాను. మీ దగ్గర కరెంటు 60 హెర్ట్జ్ అయితే 1/60 సరైనది.

మొదటి రోజు తీసిందంతా పక్కన పెట్టేశాను. ఆ రోజు చాలా బాధేసింది, ఇద్దరు స్నేహితులు ఒక సెలవు రోజంతా నాకు ఇచ్చారు మరి.

ఇక నుంచి ఏ గదిలోకి వెళ్లినా మొదటి పని ఈ గోడ పరీక్షే. ఐదు నిమిషాలు చాలు.

*ఇప్పటిదాకా: 150 పేజీలు, 29 గంటలు, రికార్డు చేసింది 22 నిమిషాలు, పనికొచ్చింది 0.*

దశ 4: లైటింగ్ (వారాలు 5, 6)

నాలుగో వారం పని ఒత్తిడితో ఏమీ చేయలేదు.

ఈ అధ్యాయం 40 పేజీలు. మొత్తం పుస్తకంలో నాకు పెట్టిన గంటకు అత్యధికంగా తిరిగిచ్చింది ఇదే, కాకపోతే మొదట నేను పట్టుకున్న పేజీ తప్పు. అందరిలాగే మూడు దీపాల బొమ్మ దగ్గర మొదలుపెట్టాను: ముఖానికి కీ లైట్, నీడకు ఫిల్, భుజాల అంచుకు బ్యాక్ లైట్. 3 మీటర్ల గదిలో బ్యాక్ లైట్ ఎక్కడ పెట్టినా ఫ్రేములోకి వచ్చేసింది. కీ లైట్ నీడ వెనక గోడ మీద నల్లగా, మనిషి పక్కన ఇంకో మనిషి నిలబడ్డట్టు పడింది. రెండు సాయంత్రాలు స్టాండు జరపడంతోనే పోయాయి.

పరిష్కారం అంతకు ఆరు పేజీల ముందు, ఎవరూ ఆగని చోట ఉంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు అవుతుందనే విలోమ వర్గ నియమం. బడిలో ఫిజిక్స్‌లో చదివిందే. గదిలో కొలిచి చూశాకే అది నాకు పనిముట్టు అయింది.

మొదటి అమరిక: దీపం నుంచి ముఖానికి 1 మీటరు, ముఖం నుంచి గోడకు అర మీటరు. అంటే గోడ దీపానికి దాదాపు 1.5 మీటర్ల దూరంలో ఉంది. 1.5 వర్గం 2.25. గోడ మీద పడే వెలుగు ముఖం మీది వెలుగులో 44 శాతం. స్టాపుల్లో (ఒక స్టాపు తగ్గడం అంటే వెలుగు సగమవడం) చెప్పాలంటే 1.2 మాత్రమే తక్కువ. అందుకే గోడ తెల్లగా, దాని మీద నీడ స్పష్టంగా ఉంది.

రెండో అమరిక: దీపం, ముఖం మధ్య అదే 1 మీటరు. కుర్చీని ముందుకు లాగి గోడకు 2 మీటర్ల దూరం చేశాను. ఇప్పుడు గోడ దీపానికి 3 మీటర్లు. వెలుగు తొమ్మిదో వంతు, అంటే 3.2 స్టాపులు తక్కువ. గోడ మెల్లగా చీకట్లోకి వెళ్లిపోయింది, నీడ ఫ్రేము బయట పడింది. దీపం అదే, మనిషి అదే. మారింది కుర్చీ చోటు.

ఆ క్షణం కెమెరా తెరలో చూసినప్పుడు, ముఖం ఒక్కటే వెలుగులో నిలబడి వెనకంతా లోతుగా కనిపించినప్పుడు, 40 పేజీలకూ విలువ వచ్చినట్టనిపించింది.

ఫిల్ కోసం రెండో దీపం పెట్టలేదు. థర్మాకోల్ షీటుతో సరిపెట్టాను. కెమెరాలోని స్పాట్ మీటరుతో (ఒక చిన్న చోటు వెలుగును మాత్రమే కొలిచేది) ముఖం రెండు పక్కలా కొలిచాను:

- షీటు లేకుండా: వెలుగు పక్కకూ నీడ పక్కకూ తేడా 4 స్టాపులు, అంటే 16 రెట్లు. నీడలో కన్ను కనపడలేదు.
- షీటు 60 సెంటీమీటర్ల దూరంలో: 2 స్టాపులు, 4 రెట్లు. కన్ను కనిపిస్తోంది, మూడ్ పోలేదు.
- షీటు 30 సెంటీమీటర్లలో: 1 స్టాపు, 2 రెట్లు. ముఖం చదునుగా అయింది.

దాచిపెట్టుకునే మనిషి కాబట్టి అతనికి 60 సెంటీమీటర్లు, ఆమెకు 30. ఆ నిర్ణయం ఏ పుస్తకమూ చేయదు. కానీ నిర్ణయించుకోవడానికి ఏముందో చెప్పింది పుస్తకమే.

కాపీ చేయాలనుకునేవాళ్లకు వరస:

1. మనిషిని గోడ నుంచి వీలైనంత దూరం లాగండి.
2. దీపాన్ని ముఖానికి దగ్గరగా, కళ్లకంటే కొంచెం ఎత్తులో, పక్కగా పెట్టండి.
3. షీటును అవతలి పక్కన పెట్టి, దగ్గరికీ దూరానికీ జరుపుతూ కంటిని చూడండి.
4. బ్యాక్ లైట్ గురించి అప్పుడు ఆలోచించండి. నాకైతే అవసరమే రాలేదు.
5. స్టాండు కాళ్లు, కుర్చీ కాళ్ల చుట్టూ నేల మీద కాగితం టేపు అంటించండి. నిమిషం పని, రీటేకుకు అరగంట మిగులుతుంది.

*ఇప్పటిదాకా: 196 పేజీలు, 41 గంటలు, రికార్డు చేసింది 31 నిమిషాలు (9 నిమిషాలు లైటింగ్ పరీక్షలే), పనికొచ్చింది 0.*

దశ 5: సౌండ్ (వారాలు 7, 8)

340 పేజీల పుస్తకంలో సౌండ్‌కు ఇచ్చింది 16 పేజీలు. నాకు అత్యధిక నష్టం జరిగింది ఇక్కడే. ఈ రెండింటికీ సంబంధం ఉందని నా గట్టి అభిప్రాయం. సరిగా కనపడని షాటును ప్రేక్షకుడు ఓర్చుకుంటాడు. మాట వినపడకపోతే మాత్రం వదిలేసి వెళ్లిపోతాడు. మొదటిసారి తీసేవాళ్ల పుస్తకంలో సౌండ్ అధ్యాయం లైటింగ్ అధ్యాయమంత ఉండాలి.

రెండో రోజు షూటింగ్‌లో 28 నిమిషాలు తీశాం. బొమ్మ బాగుంది, లుక్కులన్నీ సరిగ్గా ఉన్నాయి, 19 నిమిషాలు పనికొస్తుంది. మైకు మాత్రం ఫ్రేములో పడకూడదని 2 మీటర్ల దూరంలో స్టాండుకు కట్టాను, ఫ్యాను ఆపలేదు. చెవికి ఫ్యాను వినపడదు, అలవాటైపోయి ఉంటుంది. మైకుకు అలవాటు ఉండదు.

మూడు స్థితుల్లో, గెయిన్ (రికార్డరు శబ్దాన్ని పెంచే మోతాదు) మార్చకుండా కొలిచిన అంకెలు. సున్నాకు దగ్గరయ్యే కొద్దీ శబ్దం ఎక్కువ, తేడా పెరిగే కొద్దీ మాట స్పష్టం:

1. ఫ్యాను తిరుగుతోంది, మైకు 2 మీటర్లు: మాట -24 డెసిబెల్, గది రొద -38. తేడా 14.
2. ఫ్యాను ఆపాక, మైకు అక్కడే: మాట -24, రొద -48. తేడా 24.
3. ఫ్యాను ఆపి, మైకు అర మీటరులో: మాట -12, రొద -48. తేడా 36.

మైకు దూరం సగమైన ప్రతిసారీ మాట దాదాపు 6 డెసిబెళ్లు పెరుగుతుంది. 2 మీటర్ల నుంచి అర మీటరుకు వస్తే రెండుసార్లు సగం, అంటే 12. గది రొద మాత్రం అన్ని వైపుల నుంచీ వస్తుంది కాబట్టి అలాగే ఉంటుంది. ఎడిటింగ్‌లో వాల్యూమ్ పెంచితే రెండూ కలిసి పెరుగుతాయి, తేడా మారదు. ఈ మూడు వరసలు పుస్తకంలో ఒక పట్టికగా ఉంటే నాకు ఒక రోజు షూటింగ్ మిగిలేది.

మూడో రోజు చేసింది:

1. క్లోజప్పులన్నీ మళ్లీ, మైకు ఫ్రేముకు సరిగ్గా పైన, అర మీటరులో.
2. వైడ్ షాట్లకు బొమ్మ పాతదే. వాటి డైలాగులు అదే గదిలో కెమెరా లేకుండా, మైకు దగ్గర పెట్టి మళ్లీ చెప్పించి రికార్డు చేశాను.
3. అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం గది నిశ్శబ్దం రికార్డు చేశాను. దీన్నే రూమ్ టోన్ అంటారు. డైలాగుల మధ్య ముక్కలు తీసేసిన చోట ఇదే పూడ్చాలి, లేకపోతే శబ్దం ఆగి ఆగి వచ్చినట్టు ఉంటుంది.
4. ప్రతి టేకుకూ చేతులతో క్లాప్, ఫ్రేములో కనిపించేలా. రికార్డరులోని సౌండ్‌ను తర్వాత బొమ్మతో కలపడానికి ఇదే గుర్తు.

ఇక్కడ ఇంకొక దెబ్బ. 2 నిమిషాల పొడవైన టేకులో క్లాప్ దగ్గర సౌండ్ సరిగ్గా కలిసింది, చివరికొచ్చేసరికి పెదవుల కంటే మాట వెనకబడింది. మూడు ఫ్రేములు. కారణం పట్టుకోవడానికి ఒక రాత్రి పట్టింది. కెమెరా మెనూలో 24 అని ఉన్నా అది నిజానికి 23.976 ఫ్రేములు రికార్డు చేస్తుంది. నేను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ క్లిప్పులను 24గా చదవమని సెట్ చేశాను. తేడా వెయ్యిలో ఒక వంతు. 120 సెకన్లకు 0.12 సెకను, అంటే దాదాపు 3 ఫ్రేములు. క్లిప్పులను, టైమ్‌లైన్‌ను రెండింటినీ 23.976కు మార్చాక సర్దుకుంది.

పుస్తకంలో ఇది లేదు. కానీ ఆ 24 ఎందుకొచ్చిందో చరిత్ర అధ్యాయంలో ఉంది: మూకీల రోజుల్లో ఒక్కొక్కరు ఒక్కో వేగంతో తీసేవాళ్లు, 1920ల చివర సినిమాకు మాట వచ్చాక సౌండ్ స్థిరంగా ఉండాలంటే ఒకే వేగం కావాల్సి వచ్చి 24 నిలిచింది. ఆ పేరా గుర్తుండబట్టే, సౌండ్ జారుతోందంటే ఫ్రేముల వేగంలో ఏదో తేడా ఉందని అనుమానించాను.

*ఇప్పటిదాకా: 212 పేజీలు, 68 గంటలు, రికార్డు చేసింది 83 నిమిషాలు. బొమ్మా మాటా రెండూ పనికొచ్చింది 17 నిమిషాలు. సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన నిమిషానికి 750 మెగాబైట్లు, మొత్తం 62 జీబీ. రెండు వేర్వేరు డిస్కుల్లో కాపీలు.*

దశ 6: ఎడిటింగ్ (వారాలు 9 నుంచి 12)

మొదటి కట్: 6 నిమిషాల 10 సెకన్లు, 41 షాట్లు. చూస్తే ఎవరూ తప్పు చేయలేదు, అయినా నీరసంగా ఉంది.

పుస్తకం చెప్పిన మొదటి అభ్యాసం ప్రతి షాటు మొదట్లోనూ చివరా ఉన్న ఖాళీని కోయడం. ఒక్క డైలాగూ తీయకుండా అదే చేశాను. ఒక్కో షాటులో సగటున సెకనున్నర పైన పోయింది. మొత్తం 65 సెకన్లు తగ్గి 5 నిమిషాల 5 సెకన్లయింది. ఆ ఖాళీలు నటుల తప్పు కాదు. "యాక్షన్" అన్నాక ఊపిరి తీసుకుంటారు, "కట్" అనే దాకా ఆగుతారు. వాటిని నేను నటనలో భాగమనుకుని ఉంచేశాను.

రెండో అభ్యాసం సీనులోకి ఆలస్యంగా ప్రవేశించడం. ఆమె తాళంచెవి కోసం వెతికే మొదటి 45 సెకన్లు లైటింగ్ బాగా కుదిరిన షాట్లు. తీసేయడానికి మూడు రోజులు తటపటాయించాను. తీసేశాక అతను తలుపు తీయడంతో సినిమా మొదలైంది, ఆమె వెతుకుతోందని ఆమె మాటలోనే తెలిసిపోయింది. 4 నిమిషాల 20 సెకన్లు. చివరికి పేజీకి నిమిషం లెక్కే నిజమైంది కదా అనుకోవద్దు. మొదటి పేజీలో సగానికి పైగా పోతేనే ఆ అంకె వచ్చింది.

మూడోది నాకు బాగా ఇష్టమైన కోత. బొమ్మ మారకముందే తర్వాతి మనిషి గొంతు వినిపించడం. 12 ఫ్రేములు, అంటే అర సెకను ముందు. అతని ముఖం మీద ఉండగానే "నువ్వేమైనా చూశావా?" అని ఆమె గొంతు వస్తుంది. అతను జేబు వైపు చెయ్యి పోనిచ్చి ఆపుకుంటాడు. అప్పుడు ఆమె ముఖం. మాటా బొమ్మా ఒకేసారి కోసినప్పుడు ఆ చెయ్యి ఎవరికీ కనపడలేదు. 6, 12, 18 ఫ్రేములు మూడూ ప్రయత్నించాను. 6 తెలియలేదు, 18లో గొంతు ఎవరిదో అనుమానం వచ్చింది.

సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ 1920 ప్రాంతంలో చేసిన ప్రయోగం కూడా అభ్యాసంగా ఇచ్చారు: ఒకే ముఖం పక్కన వేర్వేరు వస్తువులు పెడితే చూసేవాళ్లు ఆ ముఖంలో వేర్వేరు భావాలు చూస్తారన్నది. అతని ముఖం ఉన్న ఒకే 4 సెకన్ల షాటు పక్కన ఖాళీ కుర్చీ, తాళంచెవి, మూసిన తలుపు పెట్టి అయిదుగురికి చూపించాను. కుర్చీతో చూసినవాళ్లలో ముగ్గురు దిగులు అన్నారు, తాళంచెవితో నలుగురు భయం అన్నారు. అయిదుగురితో ఏదీ రుజువు కాదు. కానీ ఆ సాయంత్రం తర్వాత అతనితో తీసిన "భయపడు" అనే రెండు టేకులు సినిమాలోంచి తీసేశాను. మామూలు ముఖం పక్కన తాళంచెవి చాలు.

*మొత్తం: 340 పేజీలు, 104 గంటలు, 83 నిమిషాల్లోంచి 4 నిమిషాల 20 సెకన్లు. అంటే దాదాపు 19 నిమిషాలకు 1.*

పుస్తకం లెక్క

అక్కకు వేరే సినిమాలోంచి, కొత్త సీను, మళ్లీ 3 నిమిషాలు చూపించాను. 27 షాట్లు అంది. లెక్కపెడితే 29. సంఖ్యకంటే నాకు నచ్చింది, "ఇక్కడ ఆయన లేచి నిలబడ్డాక కెమెరా అవతలి పక్కకు వెళ్లింది చూడు" అని తనే చూపించడం. ఆమె ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి ఎంత వెలుగు రానివ్వాలి) పేజీలు మధ్యలో వదిలేసింది, చరిత్ర, షాట్లు, ఎడిటింగ్ అధ్యాయాలు రెండేసి సార్లు చదివింది. సరదాగా చదివేవాళ్లకు ఆ మూడూ చాలు, ఆ వరసలోనే.

నా కాపీలో కాలం చెల్లిన పేజీలు 41. దాదాపు అన్నీ కెమెరా అధ్యాయంలోని టేపు రకాలు, పాత కేబుళ్లు. పాత ఎడిషన్ దొరికితే వెనకాడకండి. గీతకు, వెలుగుకు, కోతకు కాలం చెల్లదు. కెమెరా సంగతులకు మీ కెమెరా మాన్యువల్ చదవండి.

తీయాలనుకునే విద్యార్థులు వరస మార్చి చదవాలి. రెండో సినిమాకు నేను చదవబోయే వరస:

1. సౌండ్, మొదటే. మైకు దూరం మూడు చోట్ల పెట్టి కొలిచాకే ముందుకు.
2. ఎడిటింగ్. ఏం కోస్తామో తెలిస్తే ఏం తీయాలో తెలుస్తుంది.
3. షాట్లు, పెన్ను మూతలతో.
4. లైటింగ్, విలోమ వర్గ నియమం పేజీ నుంచి.
5. స్క్రిప్టు, స్టాప్‌వాచ్‌తో.

ఇంకా సరికానిది ఒకటి మిగిలింది. 9వ షాటులో ఆమె లేచేటప్పుడు కుర్చీ చప్పుడు మాట మీద పడింది, ఆ డైలాగు విడిగా రికార్డు చేయలేదు. ఆదివారం ఆమె వస్తానంది. గది అదే, మైకు అర మీటరు, కుర్చీ కాళ్ల కింద గుడ్డ.